జత

కుతాయిసి బజారులో, ఊరగాయలమ్మే ఎతేరికీ
చెప్పులు కుట్టే బాదురికీ మధ్య
తలుపంత దుకాణం నాది.
పగిలిన అద్దాలు మారుస్తాను, ఛార్జర్లు అమ్ముతాను,
అడక్కపోయినా సలహాలిస్తాను.

మంగళవారం. వాన.
ఉషాంగి వచ్చాడు, రియోని ఒడ్డున కంకర లారీ తోలి తోలి
నడుం పడిపోయిన మనిషి.
గొడుగు మూయకుండానే హెడ్‌ఫోన్లు కౌంటరు మీద పెట్టాడు,
గూట్లోంచి పడ్డ పిట్టను తెచ్చినట్టు, రెండు చేతులతో.

"దీనికి తీగ లేదు," అన్నాడు, నేరం మోపుతున్నట్టు.
లేదు.
"మరి పాట ఎటునుంచి పోతుంది?"
గాల్లోంచి, అన్నాను.
ఆయన గాలి వైపు చూశాడు.
గాల్లో వెల్లుల్లి, తడిసిన కుక్క, కొత్త తోలు.
పాట కనపడలేదు.

బటన్ నొక్కి పట్టుకో. ఇంకా. వదలకు.
ఏడు లెక్కపెట్టు.
ఆయన వేలు బటన్ కన్నా వెడల్పు,
మూడు బటన్లూ ఒకేసారి అణిగిపోయాయి.
నేనే నొక్కాను.
నీలం, ఎరుపు, నీలం, ఎరుపు.
వెతుకుతోంది, అన్నాను.
"ఎవర్ని?"
ఎవరు దొరికితే వాళ్ళని.
"సిగ్గులేని సరుకు."

ఫోన్‌లో ఒక్కొక్క పేరే తేలింది,
బజారు బజారంతా:
ఎతేరి టీవీ, బాదురి రేడియో,
'నన్ను ముట్టుకోకు' అని ఎవడిదో పిల్లాడిది,
చివర్న అంకెలూ అక్షరాలూ కలగలిసిన అనాథ ఒకటి.
"ఇంతమంది ఇక్కడే ఉన్నారా," అన్నాడు ఉషాంగి,
"ఒక్కడూ పలకడేం?"

ఆ అనాథే మనది.
నొక్కాను. గిరగిరా తిరిగింది. కుదరలేదు.
పెళ్ళిళ్ళ పేరయ్యలా అటూ ఇటూ బతిమాలాను,
ఆపి, తెరిచి, మళ్ళీ ఆపి.
పాత ఫోన్ ఏదో దీన్నింకా పట్టుకుని వదలట్లేదు.
దాన్ని మరిచిపొమ్మని చెప్పాలి, అన్నాను.
ఒట్టు, నా మాట కాదది,
సెట్టింగ్స్‌లో అచ్చంగా అలాగే రాసుంటుంది: మరిచిపో.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.
"అది షుక్రి ఫోన్.
హెడ్‌ఫోన్లూ వాడివే. వాడి పెళ్ళాం ఇచ్చింది,
వాడికింక అక్కర్లేదు కదా అని."

రేకు మీద వాన.
ఎతేరి కత్తి దోసకాయల మీద టకటక.
నేను చిల్లర సర్దాను, సర్దిన చిల్లరే మళ్ళీ సర్దాను.
"నొక్కు," అన్నాడు.

జత కుదిరింది.
చెవిలో చైనా అమ్మాయి ఎవరో ఏదో అంది,
ఆయన టోపీ తీసి మర్యాదగా బదులిచ్చాడు.
తర్వాత పాట.

షుక్రి వంటింట్లో, పదిహేనేళ్ళ కిందట,
అటో మైకు ఇటో మైకు పెట్టి ముగ్గురు పాడిందట.
పై గొంతు షుక్రి, నడిమి గొంతు వాడి బావమరిది,
అడుగు గొంతు తను.
"నేను లేను," అన్నాడు ఉషాంగి కాసేపటికి.
తీసి పెట్టుకు చూశాను. కుడి చెవి చచ్చిపోయింది,
ఆయన గొంతంతా అటే ఉంది.
ముక్క తెప్పిస్తా, గురువారానికి, పన్నెండు లారీలు, అన్నాను.
వినలేదు. అప్పటికే లాక్కుని పెట్టుకున్నాడు,
పెదాలు విప్పకుండా
కౌంటరు గాజు సన్నగా అదిరేంత లోతున
తన వంతు తనే పాడుకుంటూ
గొడుగు నాకే వదిలేసి నడిచాడు.

ఫోన్ కూడా.

అక్రోట్ల బండి దగ్గర ఆగాడు.
తెగిపోయి ఉంటుంది, అంతవరకే దాని చేయి.
వెనక్కి ఒకడుగు వేశాడు. తల ఊపాడు.
ముందుకు వేసి చూశాడు. లేదు.
మళ్ళీ వెనక్కి.
అక్కడే, సరిగ్గా ఆ తడి రాయి మీద నిలబడిపోయాడు.
జనం ఆయన్ని చుట్టుకుని పోతున్నారు.

ఫోన్ ఇచ్చి రావాలని లేచాను.
తెర మీద పాట ఇంకా రెండు నిమిషాల పది సెకన్లు ఉంది.
ఛార్జింగ్ తొమ్మిది శాతం.
ఫోన్‌కి తీగ తగిలించి
కూర్చున్నాను.